ఆరో ఆకు

నారిన్ కొండల్లో ఒక చిన్న బడి. పిల్లలు ఇళ్లకు పోయారు. తరగతి గదిలో మిగిలింది ఇద్దరే: పంతులమ్మ బెగిమాయ్, ఆమె తమ్ముడు కుబాత్‌కి తన కూతురు జిబెక్‌ను ఇస్తున్న జూరా అత్త. ముందు పంతులమ్మే నోరు విప్పింది.

"తలుపు వెయ్యండి అత్తా. గట్టిగా వెయ్యండి."

"వేశాను కదే అమ్మాయ్. ఏమయింది? మా బెక్‌తుర్ గాడు ఎవరి తలైనా పగలగొట్టాడా?"

"మీ మనవడు బంగారం. ఏడు తరాల తాతల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు."

"చెప్పడూ మరి! పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేర్పింది నేను. ఏడుగురు తాతల్ని ఎరగనివాడు బానిసతో సమానమంటారు. మావాడు ఆ మాట పడతాడా?"

"గోడ మీద చెట్టు చూశారా?"

"చూశాను. ఒక్కో ఉన్ని ఆకు మీద ఒక్కో తాత పేరు. ముచ్చటగా ఉంది. నీ ముఖమే బాలేదు."

"సోషల్ పాఠమంటే పిల్లలు ఆవలిస్తున్నారని ఆటలా పెట్టాను. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర పేర్లు నేర్చుకోవాలి, బడికొచ్చి ఆకులు కట్టాలి. ఎలా కట్టాలో చూపించడానికి మా ఇంటి ఆకులు ముందు నేనే కట్టాను. నా బుద్ధి కాలిపోను!"

"ఎందుకే అంత మాట?"

"మీవాడు ఆరో ఆకు కడుతూ మా ఆకులు చూసి ఎగిరి గంతేశాడు. 'పంతులమ్మా, మీ తాతా మా తాతా ఒకడే!' అని."

"పేరు కలిసుంటుంది. కొండకు పదిమంది తిలెగెన్‌లు."

"నత్తి తిలెగెన్‌లు ఎంతమంది? ఒంటెల లోయలో, తోడేలు చెయ్యి కొరికేసిన నత్తి తిలెగెన్‌లు ఎంతమంది అత్తా?"

"ఆ తోడేలు కథ మా ఇంట్లోదే."

"మా ఇంట్లోనూ అదే కథ. నాకు భయంగా ఉంది."

"నిశ్చితార్థం నాడు మీ నాన్న ఆ పేరు ఎత్తలేదే! మేం మావన్నీ చెప్పాం."

"మా నాన్న అయిదో పేరు చెప్పేసరికి మాంసం పళ్లెం వచ్చింది. అందరూ అటు తిరిగారు. ఆయనకు వచ్చింది అంతవరకే, గండం గడిచిందనుకున్నాడు. మిగతా రెండూ మొన్న మా మేనత్తను అడిగితే ఫోన్‌లో చెప్పింది."

"పీకెయ్. ఆ ఆకు పీకెయ్."

"పిల్లలంతా చూశారు. రేపు తల్లిదండ్రులు చెట్టు చూడ్డానికి వస్తారు. మీవాడు అందరి ముందూ అరిచి మరీ చెబుతాడు. ఏడు తరాల లోపు తాత ఒకడైతే పెళ్లికి పెద్దలు ఒప్పుకుంటారా? జిబెక్ చెవులకు నిశ్చితార్థం కమ్మలు పెట్టింది మా అమ్మ. ఇప్పుడు తీసెయ్యమంటే ఆ పిల్ల ఏమైపోతుంది? మా కుబాత్ బతకడు అత్తా."

"నోరు ముయ్యి! అశుభం మాటలు. రేపు బెక్‌తుర్‌ని బడికి పంపను. జ్వరమంటాను."

"ఎల్లుండి? వాడి నోరు ఎన్నాళ్లు మూస్తారు?"

"ఉష్, ఎవరో నడుస్తున్నారు."

"బడి ఊడ్చే ముసలమ్మ. అత్తా, మీరు నన్ను తిడతారనుకున్నాను."

"కుబాత్ మా జిబెక్‌ని బాగా చూసుకుంటాడా?"

"ఇప్పుడా మాటెందుకు?"

"చెప్పవే. దాని వెనక ఏడుగురు తాతలు లేకపోయినా చూసుకుంటాడా?"

"ఎందుకు లేరు? బెక్‌తుర్ చెప్పిన తాతలే కదా దానికీ..."

"మెల్లగా మాట్లాడు. ఆకు అక్కడే ఉండనీ. వరస తప్పదు. పెళ్లి ఆగదు."

"ఎలా ఆగదు? మీకేమైనా మతిపోయిందా?"

"నేను కన్న బిడ్డ కళ్లు తెరవకుండానే పోయింది. ఖాళీ చేతులతో ఇంటికి రాలేక ఆసుపత్రిలో ఎవరో వదిలేసిన పసిగుడ్డును ఎత్తుకొచ్చాను. నా మొగుడికి తెలుసు. ఆయన పోయాడు."

"అయ్యో అత్తా! రేపు పెద్దల ముందు ఆ మాట..."

"చెబుతాను. చెప్పకపోతే దాని పెళ్లి పోతుంది. చెబితే అది నన్ను అమ్మా అంటుందో లేదో."

"జిబెక్‌కి ఏమీ తెలీదా?"

"ఏడు పేర్లూ నేనే నేర్పాను పంతులమ్మా. ఈ రోజుకీ ఒక్కటీ తప్పదు. ఆ ఏడుగురిలో ఒక్కడూ దాని తాత కాడని మాత్రం నేర్పలేదు."