బాల్కనీలో బావగారు ఉన్న విషయమై

నా పేరు పైన రాసుకున్నారు కాబట్టి మళ్లీ చెప్పను. వయసు ఇరవై ఆరు. కళ్లజోళ్ల దుకాణంలో పని. అద్దాలు కొలతకు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. పెళ్లి కాలేదు. అది ఈ కేసుకు అవసరమా అని అడిగితే రాయాల్సిందేనన్నారు. మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు, బాల్కనీ ఉన్న ఇంట్లో రెండేళ్లుగా అద్దెకు ఉంటున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. టీ కూడా ఇచ్చారు. ఇష్టపూర్వకంగానే చెబుతున్నాను.

నేను చెప్పే సమయాలన్నీ మా బావగారి చేతి గడియారం ప్రకారం. ఆయన గడియారాలు బాగుచేస్తారు. మా అక్కతో ఆయన పెళ్లి జరిగి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆయన నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో సగం "బాగున్నారా" అన్నవే.

ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాకు అక్క తప్ప ఎవరూ తెలియదు. ఒక ఆదివారం బస్సులో కూర్చుని ఫోనులో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే, టికెట్ కొట్టాల్సిన కండక్టరు పక్కన చేరి ఎంతయిందని అడిగింది. టికెట్ సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఆమే ఇప్పుడు మా కండక్టరక్క. ఆమె వెంట లెక్కల మాస్టారు వచ్చారు. ముగ్గురం ఎర్ర జట్టు మనుషులం. ఈ ఏడాది ఎర్ర జట్టు మ్యాచ్‌లు రెండు తప్ప అన్నీ మా ఇంట్లోనే చూశాం. ఆ రెండూ చిత్తుగా ఓడిపోయాం.

మా ఇంట్లో కూర్చోవడానికి ఒక పద్ధతి ఉంది. మాస్టారు సోఫాలో ఎడమ చివర కూర్చుంటారు. నేను చేతిలో చిన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని కుడి చివర కూర్చుంటాను. కండక్టరక్క బోర్లించిన బకెట్ మీద కూర్చుంటుంది. ఇంట్లో కుర్చీలు ఉండగా బకెట్ ఎందుకని ఇన్‌స్పెక్టర్ మేడమ్ అడిగారు. కుర్చీలు లేని రోజుల్లో ఆమె బకెట్ మీద కూర్చుంటే మూడు గోల్స్‌తో గెలిచాం. తర్వాత కుర్చీలు కొన్నాను గాని ఆమె వాటి జోలికి పోలేదు.

ఈ రోజు ఆదివారం. మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు అక్క ఫోన్ చేసింది. అక్క నర్సు, తనకు సాయంత్రం దాకా డ్యూటీ. బావగారు ఒక్కరే ఇంట్లో ఉంటే గోడలు చూస్తూ కూర్చుంటారని మా ఇంటికి పంపుతున్నానంది. "ఆయనకి నలుగురిలో కలవడం రాదే. అక్కడైనా నీ పక్కన కూర్చోబెట్టుకో, ఒంటరిగా వదిలేయకు. ఇవాళ ఇబ్బందిపడ్డారంటే ఇంక జన్మలో ఎవరింటికీ రారు" అంది. వదిలేయనని మాట ఇచ్చాను. ఈ మాట ఇచ్చినట్టు విడిగా రాయమని కోరుతున్నాను.

మూడు ఇరవైకి బావగారు వచ్చారు. సోఫాలో మధ్యలో, నా పక్కనే కూర్చోబెట్టాను. నాలుగు గంటలకు మ్యాచ్ మొదలైంది. ఎదుట నీలం జట్టు. ఈ మ్యాచ్ గెలవకపోతే ఎర్ర జట్టు కింది డివిజన్‌కు పడిపోతుంది. నాలుగు పన్నెండుకు నీలం జట్టు గోల్ కొట్టింది. నాలుగు పందొమ్మిదికి బావగారికి ఎవరో గోడగడియారం గురించి ఫోన్ చేశారు. ఆయన మర్యాదస్తుడు కాబట్టి బాల్కనీలోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి మాట్లాడారు. నాలుగు ఇరవై రెండుకు మనవాళ్లు గోల్ కొట్టారు. నాలుగు ఇరవై ఐదుకు ఆయన లోపలికి వచ్చి కూర్చున్నారు. నాలుగు ఇరవై ఆరుకు నీలం జట్టు రెండో గోల్ కొట్టింది.

ఆ రెండో గోల్ ఆఫ్‌సైడ్, లెక్కలోకి రాకూడదు. ఈ సంగతి కూడా రాయమన్నాను. రాస్తున్న రైటరు గారు పెన్ను ఆపేశారు. ఆయన ఫోను వెనుక నీలం జట్టు గుర్తు ఉండటం నేను అప్పుడే గమనించాను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని బావగారు అడిగితే మాస్టారు బల్ల మీద బిస్కెట్లు పేర్చి చూపించారు. బావగారు ఆ బిస్కెట్లను చాలాసేపు చూశారు.

అప్పుడు మాస్టారు లెక్క కట్టారు. బావగారు లోపల ఉన్నప్పుడు పడినవి రెండు, రెండూ వాళ్లవే. బయట ఉన్నప్పుడు పడినది ఒకటి, అది మనది. మేము ముగ్గురం బావగారి వైపు చూశాం. ఆయన లేచారు. టీ గ్లాసు తీసుకుని, చెప్పులు వేసుకుని, బాల్కనీలోకి వెళ్లారు. గొళ్లెం వేసింది నేనే. కండక్టరక్క కాదు, మాస్టారు కాదు. ఆయన మొహమాటానికి గ్లాసు పెట్టడానికి లోపలికి వస్తారేమోనని వేశాను. అప్పుడు నాలుగు ఇరవై తొమ్మిది.

సగం మ్యాచ్ అయ్యాక విరామంలో ఆయన్ని లోపలికి పిలవచ్చా లేదా అన్న చర్చ జరిగింది. ఆటగాళ్లే మైదానంలో లేనప్పుడు దోషం లేదని మాస్టారు అన్నారు. కండక్టరక్క ఒప్పుకోలేదు. కిటికీలోంచి ఇంకో టీ అందించాం. గ్లాసు అందుకుంటూ ఆయన థాంక్సండీ అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. ఎనిమిది నెలలకు మొదటిసారి మా ఇంటికి వచ్చిన మనిషిని బయట నిలబెట్టి టీ పోస్తున్నాను. వదిలేయనని అక్కకు మాట ఇచ్చాను. నిజంగా సిగ్గేసింది. ఐదు గంటల తొమ్మిది నిమిషాలకు ఇక ఉండబట్టక లేచి గొళ్లెం దాకా చెయ్యి చాచాను. ఇంకా తాకలేదు. మనవాళ్లు రెండో గోల్ కొట్టారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇందులో నన్ను నేను సమర్థించుకోను.

ఐదు ఇరవైకి బావగారు కిటికీ అద్దం మీద కొట్టడం మొదలుపెట్టారు. రెండు చేతులూ ఊపారు. చేతికి రెండేసి వేళ్లు చూపించారు. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న పిన్నిగారు అది చూశారు. సరిగ్గా అప్పుడే కండక్టరక్క, "ఆయన్ని లోపలికి రానిచ్చారో మన పని అయిపోయినట్టే" అంది. ఆమె బస్సులో మాట్లాడే గొంతు, వీధి దాటి వినిపిస్తుంది. ఆ రెండు వేళ్లు చూసి, ఇద్దరు కలిసి ఒక మనిషిని బంధించారని పిన్నిగారు మీకు ఫోన్ చేశారు. ఆమె చేసింది తప్పని నేను అనను. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని, మ్యాచ్ లేకపోతే.

ఐదు నలభై ఒకటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఐదు నిమిషాలు ఆగి రమ్మని కండక్టరక్క వాళ్లతో అన్న మాట వాస్తవం. పొడుగ్గా ఉన్న కానిస్టేబుల్ గారు బాల్కనీ తలుపు లాగారు. గొళ్లెం తీయకుండానే తలుపు తెరుచుకుంది. పోలీసుల బలమే వేరు అనుకున్నాను. లోపలి గోలకు మాట వినపడక ఆయన కూడా బాల్కనీలోకి వెళ్లి, తలుపు వేసి, బావగారిని విచారించారు. ఐదు నలభై ఏడుకు మనవాళ్లు మూడో గోల్ కొట్టారు. మూడు రెండుతో గెలిచాం. కింది డివిజన్ గండం తప్పింది. కండక్టరక్క లోపల మిగిలిన కానిస్టేబుల్ గారిని కౌగిలించుకోవడం విధులకు అడ్డుపడటం కిందికి రాదని మనవి.

ఆరుంబావుకు మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. మనిషిని గదిలో గాని బాల్కనీలో గాని బంధించడం నేరమని, బావగారు ఫిర్యాదు ఇస్తే కేసు పెట్టక తప్పదని మేడమ్ చెప్పారు. నాకు కేసు భయం కంటే అక్క భయం ఎక్కువగా ఉంది. అక్క కంటే కూడా, ఆ మనిషి ఇంక ఎవరింటి గడపా తొక్కరన్న బాధ ఎక్కువగా ఉంది. తప్పంతా నాదేనని మేడమ్‌కు చెప్పాను. మేడమ్ బావగారిని, సాయం కోసమే అద్దం కొట్టారా అని అడిగారు.

"సాయం కోసం కాదండీ. కండక్టరు గారు బకెట్ జరిపారు, టీవీ కనపడలేదు. రెండు రెండేనా అని అడిగాను" అన్నారు.

తర్వాత జేబులోంచి ఒక చిన్న స్క్రూ తీసి మేడమ్ బల్ల మీద పెట్టారు. మా గొళ్లెంది. రోజూ ఇరవై జతల కళ్లజోళ్లకు స్క్రూలు బిగించే నేను, ఇంట్లో వదులైన ఆ ఒక్కటీ రెండేళ్లుగా బిగించలేదు. నాలుగు ముప్పై ఒకటికి ఆయన తలుపుకు ఆనుకుంటే గొళ్లెం ఊడి వచ్చిందట. మేము చూసి కంగారుపడతామని దాన్ని ఉన్నచోటే ఆనించి, తలుపు మళ్లీ మూసి, అక్కడే నిలబడ్డారట.

గంటా పదహారు నిమిషాలు. తలుపు తోస్తే తెరుచుకునేదే.

ఎందుకు నిలబడ్డారని మేడమ్ బావగారిని అడిగారు. "లోపల ఉంటే ఎవరితో ఏం మాట్లాడాలో నాకు తెలీదండీ. అక్కడుంటే నాకంటూ ఒక పని ఉంది. గోల్ పడినప్పుడల్లా ముగ్గురూ ముందు నా వైపే తిరిగి చేతులెత్తారు" అన్నారు.

అంతవరకూ ఆపుకున్న ఏడుపు నాకు అక్కడ వచ్చింది. ఇది కూడా రాసుకోమన్నాను.

ఆరు నలభైకి అక్క ఫోన్ చేసింది. ఫోన్ బావగారే తీసుకున్నారు. మూడు గోల్స్ గురించీ వరసగా నాలుగు నిమిషాలు చెప్పారు. తర్వాత ఫోన్ నాకు ఇచ్చారు.

"ఆయన్నేం చేశావే?" అంది అక్క.

"బయటికి గెంటాను" అన్నాను.

ఫిర్యాదు లేదని బావగారు రాసి ఇచ్చారు. మిగిలిన కాగితాల మీద సంతకాలకు వచ్చే ఆదివారం నాలుగు గంటలకు రమ్మన్నారు. ఆ వేళకు మాకు మ్యాచ్ ఉంది. సోమవారానికి మార్చమని బావగారే అడిగారు. పొడుగు కానిస్టేబుల్ గారికి ఆదివారం సెలవు ఇప్పించమని, బాల్కనీలో ఇద్దరికి చోటు ఉందని నేను అడిగాను. మొదటి దానికి మేడమ్ ఒప్పుకున్నారు. రెండోది ఆలోచిస్తామన్నారు.

ఇదంతా రైటరు గారు నాకు చదివి వినిపించారు. నీలం జట్టు రెండో గోల్ దగ్గర ఆయన గొంతు తగ్గించినా, నాకు వినపడింది. రాసినవన్నీ నేను చెప్పిన మాటలే, చెప్పినవన్నీ జరిగినవే.

(సంతకం)

సాక్షి: గడియారాల పనివాడిని. బాల్కనీలో ఉన్నది నేనే. సమయం ఏడు గంటల పన్నెండు నిమిషాలు. పై వాంగ్మూలంలో రాసిన రెండో గోల్ నేనూ చూశాను. అది ఆఫ్‌సైడే.

(సంతకం)