ఇంకో గంట నిద్ర

మీవాట్న్ సరస్సు దగ్గర, పొగలు చిమ్మే ఎర్రనేల మీద, రొట్టె గోతి పక్కన తల్లి ఫిన్నా, కూతురు హుగ్రూన్. కారు వెనక సీట్లో ఐదు వారాల పిల్లవాడు.

“తొందరపడి తవ్వేశావు హుగ్రూన్. చూడు, మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంది.”

“పచ్చి కాదమ్మా, మెత్తన. రై రొట్టె మెత్తగానే ఉంటుంది.”

“నాకు చెప్తున్నావా? నేను పుట్టిందే ఈ గోతుల పక్కన. పాలడబ్బాలో పిండి పోసి ఈ వేడి నేలలో పాతితే ఇరవైనాలుగు గంటలు. ఇరవైనాలుగంటే ఇరవైనాలుగే.”

“ఇరవైమూడున్నర అయింది.”

“ఆ అరగంటలోనే ఉంది రొట్టె.”

“సరే, మళ్ళీ పాతేద్దామా? అరగంట ఇక్కడే కూర్చుని కుళ్ళిన గుడ్ల కంపు పీలుద్దాం. ఇంటికి ఇంకా నాలుగు గంటల దారి. అక్కడ నాన్నా, నీ అల్లుడు బెర్గూరూ ఇద్దరూ కలిసి ఏం మాడబెడుతున్నారో ఏమో.”

“నీకెప్పుడూ తొందరే. పుట్టడం కూడా మూడు వారాలు ముందే పుట్టావు. మీ తమ్ముడు మాత్రం...”

“గుడ్డ ఇలా ఇవ్వు, చెయ్యి కాలుతోంది.”

“...పది రోజులు ఆలస్యం. మంత్రసాని ఏమందో తెలుసా? లోపల పడుకున్నాడమ్మా, లేపబుద్ధి కావడం లేదంది. సోల్వి కడుపులోనే నిద్రమొహం.”

“అమ్మా, గుడ్డ.”

“ఇదిగో. వాడి పేరెత్తితే చాలు, నీకు చెయ్యి కాలుతుంది. మీ నాన్నకి గొర్రెల పని గుర్తొస్తుంది. నేనొక్కదాన్నే మిగిలాను ఆ పేరు పలకడానికి.”

“ఎక్కు. బాబు లేచేలోగా కొంత దూరం పోదాం.”

కారులో. రోడ్డుకి రెండు వైపులా గడ్డకట్టిన లావా.

“ఎండు చేప తింటావా? వెన్న రాసిస్తాను.”

“కారంతా పొడి చేస్తావమ్మా.”

“పొడి అయితే దులుపుకుంటావు. అదిగో చూడు, ఆ నల్లరాయి. నువ్వు కడుపులో ఉండగా అదంతా నిప్పు. రాత్రిళ్ళు మా అమ్మవాళ్ళ వంటింట్లో దీపం వెయ్యక్కర్లేకపోయేది.”

“ప్రతిసారీ చెప్తావు.”

“ప్రతిసారీ ఇటే వస్తున్నాం మరి. ఇప్పుడు నాచు పట్టింది చూడు. రాయికే నాచు పట్టింది. మీ నాన్నకి మాత్రం, వాడు పోయి పదహారేళ్ళయినా ఒక్క మెత్తని మాట మొలవలేదు.”

“నాన్నని వదిలెయ్.”

“వదిలేశాను కాబట్టే ఇన్నాళ్ళు కాపురం చేశాను. హుగ్రూన్, ఒక్క మాట అడుగుతాను.”

“అడక్కు.”

“వచ్చాడా?”

“ఎవరు?”

“ఎవరో నీకు తెలుసు. కల్లోకి.”

“రాలేదమ్మా.”

“తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా?”

“రాలేదన్నాను కదా. ఆస్పత్రిలో అడిగావు, ఇంటికొచ్చాక అడిగావు, స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడి అడిగావు.”

“మా పిన్ని కడుపుతో ఉన్నప్పుడు మా తాత వచ్చాడు. మంచం పక్కన నిలబడి ‘కొంచెం జరుగమ్మా’ అన్నాడు. అంతే, పేరు అడిగినట్టే. పోయినవాళ్ళకి పేరు కావాలంటే కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గరికే వస్తారు. వచ్చి అడిగితే కాదనకూడదు, పిల్లాడికి మంచిది కాదు.”

“ఆ తాత పేరు పెట్టుకున్న మావయ్య ఏమయ్యాడు? తాగొచ్చి గొర్రెల కొట్టంలో పడుకునేవాడు.”

“గొర్రెలెప్పుడూ ఏమీ అనలేదు. పోనీ, ఏ పేరు అనుకున్నారో నా ఒక్కదానికి చెప్పు.”

“రేపు భోజనాల దగ్గర అందరితో పాటే వింటావు. ముందుగా బయటపెట్టకూడదని నేర్పింది నువ్వే. బల్ల దగ్గర పైకి అంటేనే పేరు పెట్టినట్టు, అప్పటిదాకా వాడు ఉత్త బాబు. నీ మాటలే కదా?”

“అమ్మమ్మకి చెప్తే బయటపెట్టినట్టు కాదు.”

“ఆ మినహాయింపు ఎప్పుడొచ్చింది?”

“ఇప్పుడే. లేచాడు చూడు, ముక్కు చిట్లిస్తున్నాడు. అచ్చం వాడిలాగే.”

“అందరు పిల్లలూ అలాగే చిట్లిస్తారమ్మా.”

కోపస్కేర్ ఊళ్ళో, సముద్రం ఒడ్డున, ఆగిన కారులో.

“ఇక్కడే ఎందుకాపావు? దుకాణం దగ్గర ఆపితే కాఫీ అయినా తాగేవాళ్ళం.”

“బాబు ఏడుస్తుంటే దుకాణం దాకా ఎక్కడ ఆగేది? ఆ సంచిలోంచి పాలు తుడిచే గుడ్డ తీసివ్వు.”

“నా చేతినిండా వెన్న.”

“నేనే తీసుకుంటాను, నీ ఒళ్ళోంచి ఇటు జరుపు. ఈ డబ్బా ఏంటి?”

“దాన్ని ముట్టుకోకు.”

“వెండి చెంచా. అమ్మా, దీని మీద పేరు చెక్కి ఉంది.”

“ఉంటుంది. చెక్కినవాడికి డబ్బులు కూడా ఇచ్చాను.”

“ఎప్పుడు చేయించావు?”

“వీడు పుట్టిన సాయంత్రం. నువ్వు పడుకున్నావు, నాకేమీ తోచలేదు.”

“నేను చెప్పకముందే. ముందుగా పలకడమే తప్పన్నదానివి, ఏకంగా వెండిలో చెక్కించావు. నేను వేరే పేరు పెడితే?”

“పెడితే పెట్టు. ఆ చెంచా నాతో పాటు శవపేటికలో పెట్టండి. అక్కడ పాయసం తాగుతాను.”

“అలా మాట్లాడకు.”

“మరెలా మాట్లాడను? నాకు వాడి సమాధి లేదు హుగ్రూన్. పక్క పడవవాళ్ళు మీ నాన్ననొక్కణ్ణే పైకి లాగారు. అందరూ ఆదివారం పూట పోయినవాళ్ళ దగ్గరికి పూలు పట్టుకెళ్తారు. నేనెక్కడికెళ్ళాలి? ఒక పేరు మిగిలింది. దాన్ని కూడా సముద్రంలోనే వదిలెయ్యమంటావా? నేను మాట్లాడుతుంటే ఆ డాన్సు హాలుకేసి చూస్తావేం?”

“రంగు వేశారు.”

“వేశారు. అప్పుడు పచ్చరంగు.”

“అప్పుడేం రంగో నాకు తెలుసు. అమ్మా, వాడు వచ్చాడు.”

“ఎక్కడికి?”

“కల్లోకి. మూడుసార్లు. ఏడో నెలలో ఒకసారి, తర్వాత రెండుసార్లు.”

“రాలేదన్నావు. మొహం మీదే రాలేదన్నావు.”

“పేరు కోసం రాలేదమ్మా. పేరు కోసమైతే జరగమంటాడు, మంచం దాకా వస్తాడు. వీడు గుమ్మం దాటలేదు. దుప్పటి భుజాల మీద కప్పుకుని నిలబడ్డాడు. ‘నిద్రొస్తోంది, ఇంకో గంట’ అన్నాడు. మూడుసార్లూ అదే మాట.”

“దానికి నువ్వేం చేస్తావు?”

“నా దగ్గరికి నిద్ర అడగడానికి వచ్చాడు. వాడి నిద్ర తీసుకుంది నేను కదా.”

“హుగ్రూన్.”

“చెప్పనివ్వు. ఆ శనివారం ఇదే హాల్లో డాన్సు. తెల్లారి నాన్నతో వల తియ్యడానికి వెళ్ళాల్సింది నేను, వంతు నాది. నాలుగింటికి ఇంటికొచ్చాను. వాడి గదిలోకి వెళ్ళి, నా బదులు నువ్వెళ్ళరా, వారం రోజులు నీ గిన్నెలు నేను కడుగుతాను అన్నాను. కళ్ళు తెరవకుండానే ‘ఊ’ అన్నాడు. నేను వెళ్ళి పడుకున్నాను. నువ్వొచ్చి లేపేదాకా, మధ్యాహ్నం దాకా పడుకున్నానమ్మా. వాడికి పదహారేళ్ళు. వారం రోజుల గిన్నెలు.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“వంతు నీదని. మీ వంతులు గోడ క్యాలెండర్ మీద రాసేది ఎవరనుకున్నావు? వెతకడానికి వచ్చినవాళ్ళకి కాఫీ పోస్తూ తలెత్తి చూశాను. ఆదివారం గడిలో నీ పేరు. ఎవరి కంటా పడకముందే ఆ కాగితం చించేశాను.”

“అప్పటినుంచీ తెలుసా?”

“ఆ పూట నుంచీ.”

“పదహారేళ్ళు. ఒక్క మాట అనలేదు.”

“ఏమనను? ఒకణ్ణి సముద్రం తీసుకుంది. రెండోదాన్ని నా నోటితో నేనే పోగొట్టుకోనా? బాబు తల పట్టుకో, జారుతోంది.”

“నాన్నకి?”

“ఆయన ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. పడవ మళ్ళీ ముట్టుకోలేదు. ఆ పేరు ఆయన నోట మళ్ళీ రాలేదు. నీకు తెలిసిందే.”

“అందుకే నేను పెట్టలేనమ్మా. రోజుకి నలభైసార్లు పిలవాలి. లే సోల్వీ, తిను సోల్వీ, బూట్లేసుకో సోల్వీ. ఏ నోటితో పిలవను?”

“సరేలే.”

“కోపమా?”

“లేదు. వద్దులే ఆ పేరు. ఇంకేదైనా పెట్టు. పిల్లలకి పేర్లు కరువా?”

“మరి చెంచా?”

“పంచదార డబ్బాలో వేసుకుంటాను. ఎంత చెక్కినా చెంచా చెంచానే. పద, కొత్త రోడ్డు మీద వెళ్ళు, తొందరగా చేరతాం.”

“తీరం రోడ్డే వెళ్దాం.”

“అటు రాళ్ళు, గుంతలు. ఆ పక్షులొకటి, కారు అద్దం మీదే పొడుస్తాయి.”

“పొడవనీ. నాకు తొందర లేదు.”

“నీకా? ఈ మాట ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి.”

తీరం రోడ్డు మీద.

“ఇక్కడ కొంచెం నెమ్మదిగా పోనీ.”

“తెలుసు. ఆ కొట్టుకొచ్చిన దుంగల అవతల కదూ, పడవ చెక్క దొరికింది?”

“ఊ. చెక్కా, చేపల డబ్బా ఒకటీ. డబ్బా మీద మీ నాన్న రాసిన అంకె కూడా చెరగలేదు. హుగ్రూన్, వాడు కల్లో ఎలా ఉన్నాడు? తడిసి ఉన్నాడా?”

“లేదమ్మా. పొడిగా ఉన్నాడు. జుట్టు రేగిపోయి, ఇప్పుడే మంచం దిగినట్టు.”

“పొడిగా ఉన్నాడా.”

“ఊ.”

“సరే అయితే. పోనీ ఇంక.”

మర్నాడు మధ్యాహ్నం, తండ్రి ఆస్ముందుర్ ఇంట్లో భోజనాల బల్ల. నలుగురు. కిటికీ బయట తోపుడుబండిలో పిల్లవాడు.

“బెర్గూర్, నాయనా, ఆ దుంపల గిన్నె ఇటు జరుపు. మీ మావయ్యకి ముందు పెట్టు.”

“పెట్టానత్తయ్యా. మావయ్య పొగలో ఎండబెట్టిన మాంసం, మావయ్యకే ముందు. బాబుకి బయట చలి వెయ్యదు కదా?”

“ఉన్నిలో చుట్టాను. బయట పడుకున్న పిల్లలకే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. నీ పెళ్ళాం మంచులో కూడా పడుకునేది. ఆస్ముందుర్, రొట్టె ఎలా ఉంది?”

“మధ్యలో పచ్చి.”

“విన్నావా హుగ్రూన్?”

“నువ్వు కూడానా నాన్నా?”

“నాకిలాగే ఇష్టం. బాగుంది.”

“మీ నాన్న నిన్నెప్పుడూ ఇలాగే వెనకేసుకొస్తాడు. సరే, ఇంక పేరు చెప్పండి. పేరు వినకుండా మాంసం కొయ్యకూడదు.”

“నేను చెప్పనా హుగ్రూన్?”

“నువ్వు కూర్చో బెర్గూర్, నేను చెప్తాను. అమ్మా, ముందు పంచదార డబ్బాలోంచి ఆ చెంచా తీసి కడుగు.”

“చెంచా ఎందుకు?”

“దాని మీద ఉన్న పేరే వీడి పేరు.”

“నిన్న వద్దన్నావు కదే. నా కోసమైతే వద్దు తల్లీ.”

“నీ కోసం కాదు. వాడు మూడుసార్లు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రారా అని నేనొక్కసారీ అనలేదు. రాత్రంతా అదే అనుకున్నాను. ఇప్పుడు రమ్మంటున్నాను. బెర్గూర్‌కి పొద్దున్నే చెప్పాను.”

“ఏ పేరు?”

“నీకు తెలుసు నాన్నా.”

“వేరే పేరు పెట్టు.”

“నాన్నా...”

“మా నాన్న పేరు పెట్టు. నీ మొగుడి తరఫువాళ్ళ పేరు పెట్టు. అది వద్దు.”

“విను నాన్నా. నీకెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు వంతు నాది. నా బదులు వాణ్ణి నేనే పంపాను.”

“నువ్వు పంపలేదు.”

“నేనే. డాన్సు నుంచి వచ్చి, నాలుగింటికి వాడి గదిలోకి వెళ్ళి...”

“వాడు రానన్నాడు.”

“ఏంటి?”

“ఆరింటికి నిన్ను లేపడానికి మీ గదుల దగ్గరికి వచ్చాను. నువ్వు బూట్లతోనే పడుకుని ఉన్నావు. లేపబుద్ధి కాలేదు. వాణ్ణి లేపాను. ‘అక్కకేదో ఊ అన్నాను గానీ నా వల్ల కాదు, నిద్రొస్తోంది నాన్నా, ఇంకో గంట’ అన్నాడు.”

“ఇంకో గంట అన్నాడా? అవే మాటలా?”

“అవే. గాలి మారుతోంది, వల పోతుందని నా తొందర నాది. దుప్పటి లాగేశాను. లాక్కుని భుజాల మీద కప్పుకున్నాడు. మళ్ళీ లాగాను. వాడడిగిన గంట ఇచ్చి ఉంటే, మేము రేవులో ఉండగానే గాలి వచ్చేసేది. పడవ కట్టిన తాడే విప్పేవాణ్ణి కాదు.”

“అమ్మా, విన్నావా?”

“విన్నాను.”

“గుమ్మంలో అలాగే కప్పుకుని...”

“విన్నానన్నాను కదే. ఆస్ముందుర్, ఇదంతా నీలో నువ్వే పెట్టుకున్నావా?”

“వంతుల కాగితం గోడ మీద లేకపోయేసరికి, పిల్ల జోలికి ఎవరూ పోకుండా నువ్వే తీశావని నాకు తెలిసిపోయింది. నువ్వు దాన్ని కాపాడుతున్నావు. ఇంక నేను నోరు విప్పి, నాది తప్పంటే, మరి వంతు ఎవరిదని అడిగేవాళ్ళు. ఊరుకున్నాను ఫిన్నా.”

“పదహారేళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నాం.”

“తిన్నాం.”

“తిను. చల్లారిపోతోంది. హుగ్రూన్, కళ్ళు తుడుచుకుని నువ్వూ తిను, పాలివ్వాల్సినదానివి.”

“నాన్నా, ఇప్పుడు చెప్పు. పెట్టనా, వద్దా? నువ్వు వద్దంటే మానేస్తాను.”

“అత్తయ్యా, నేనొకటి చెప్పనా? చెంచా మీద ఉంది, అందరికీ తెలిసింది, కానీ బల్ల దగ్గర ఇంకా ఎవరూ పైకి అనలేదు. అనకపోతే పెట్టినట్టు కాదుగా. బాబుని లోపలికి తీసుకొస్తాను. ఎత్తుకుని అనండి ఎవరైనా.”

“తీసుకురా నాయనా. చాలాసేపయింది, లేపేస్తే పాలు కూడా తాగుతాడు.”

“బెర్గూర్, కూర్చో.”

“ఒక్క నిమిషం మావయ్యా, అలా లేపి ఇలా...”

“సోల్విని లేపకండి. ఇంకో గంట పడుకోనివ్వండి.”