కారు లేని కొండదారి

స్టూడియో బల్ల మీద పరిచిన కొండదారి ఫొటోలో బావ తన కొత్త టాక్సీని వెతుకుతున్నాడు. అది తీసిన బావమరిది పక్కనే మురిసిపోతున్నాడు.

“నా కారేదిరా?”

“ఆ ఎర్రగీతే బావా. మలుపు మలుపుకీ ఎంత వయ్యారంగా తిరిగిందో చూడు!”

“గీతని బాడుగకి ఎవడు పిలుస్తాడు? టాక్సీ బోర్డు మీదకి కారు ఫొటో తీయమంటే ఇదా?”

“చీకట్లో కెమెరా షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచితే కదిలే కారు పడదు, వెనక దీపాలే పడతాయి. కళ నీకేం తెలుసులే.”

“మరి చీకటి పడేదాకా నన్నెందుకు తిప్పావు?”

“నువ్వు తిరక్కపోతే గీతెలా వస్తుంది? రేపు పోటీకి ఇస్తున్నాను.”

“నా పేరుంటుందా?”

“డ్రైవర్ల పేర్లెవరు వేస్తారు బావా? అన్నట్టు, పొద్దున్నే నన్ను అక్కడ దించాలి.”

“దేంట్లో?”

“నీ కార్లోనే.”

“నీ కంటికి ఆనని కారు నీకెందుకురా? నడిచి పో.”