దిబ్బ మీద మంట

జనవరి ఒకటి, పొద్దున. ఎడారి ఊళ్లో చిన్న లాడ్జి గది. వదినా ఆడపడుచూ బ్యాగులు సర్దుకుంటున్నారు.

"ముందు ఆ జిప్పు పెట్టు. బస్సు పోతుంది."

"వదినా, రాత్రి మనం కాల్చినవి ఉత్త కట్టెలు కావు."

"మళ్లీ మొదలెట్టావా? ఎండు గుంజలు. ఇసుకలో ఊరికే పాతి ఉన్నాయి."

"ఊరికే ఎవరైనా పాతుతారా? ఒక్కోదానికి ఎర్రగుడ్డ కట్టి మరీ?"

"చలికి పళ్లు టకటకలాడుతుంటే గుడ్డ రంగు చూస్తూ కూర్చోనా? కొత్త సంవత్సరానికి దిబ్బ మీద మంట కావాలని ఎగిరిందెవరు?"

"మంట అన్నాను. పీకమనలేదు."

"పీకింది నేనే. మోసింది నువ్వు. పైగా ఫోటోలు కూడానూ."

"అవి డిలీట్ చేసేశా."

"ఎందుకు?"

"చూడలేకపోయా. మనిద్దరం పళ్లికిలిస్తూ, వెనక అవి కాలుతూ."

"ఎవరో వస్తున్నారు. నోరు మూసుకో."

"లేచారామ్మా? టీ తెచ్చాను."

"లాడ్జి మీదే, టీ మోసేదీ మీరేనా అన్నా?"

"మీకు కాకపోతే ఎవరికి మోస్తానమ్మా. రాత్రి దిబ్బ మీద మంటేసింది మీరేనట కదా?"

"మేమా... అంటే..."

"మేమే అన్నా."

"నువ్వాగు."

"మీ రుణం తీర్చుకోలేను. రాత్రి మా పాపని వాళ్లమ్మమ్మ ఊరినుంచి నడిపించుకొస్తున్నా. ఎర్రగుడ్డల గుంజలే మాకు దారి. సగం దూరం వచ్చాక చూస్తే ఒక్కటీ లేదు. ఎటు తిరిగినా ఇసుకే. అది ఏడుపు. ఎటు నడవాలో తెలియలేదమ్మా. అప్పుడు కనిపించింది మీ మంట. అంత దూరం కట్టెలు మోసుకెళ్లారంటే, మా అదృష్టం. టీ చల్లారిపోతోందమ్మా."

"గుంజలు... మళ్లీ పాతుకోవచ్చు కదన్నా?"

"పాతుతాం. ముందు ఊరి చివర గుడిసెలో ఉండే మేకలాయన సంగతి తేలాలి. పొయ్యిలోకి కట్టెల్లేవని నిన్ననే అడుక్కున్నాడు. ఆయన కాక ఇంకెవరు పీకుతారు? గుడిసె ఖాళీ చేసి పొమ్మన్నారు పెద్దలు. ఆ మాట చెప్పడానికే వెళ్తున్నా."

"వెళ్లిరండన్నా. మాకూ బస్సుంది."

"వదినా."

"బస్సుందన్నాను."

"అయితే ఆ టీ తాగు. తాగు వదినా, చూస్తా."

"ఏంటమ్మా, తాగకుండా గ్లాసు కింద పెట్టేశారు? జ్వరమా?"

"సిగ్గన్నా. గుంజలు పీకింది నేను. మీరు చూసుకుంటూ వచ్చిన మంటలో కాలింది అవే."

"నేనూ మోశాను."

"తిట్టండన్నా."

"మేకలాయన దగ్గరికి నాతో రండి. ఆయన మొహం చూసి మీరే చెప్పాలి."

"వస్తాం."

"దారిలో పాప ఎదురైతే మాత్రం ఏమీ అనకండి. పొద్దున్నుంచీ వీధంతా తిరిగి చెప్తోంది, తన కోసమే ఇద్దరత్తలు చలిలో మంటేసి కాపలా కూర్చున్నారని."