రెండు చేతుల ఆసిడ్

అట్ట చూడబాకండి సుప్రియ గారూ! మీ నాయన రొయ్యల గుంట మజ్జిగలాగా తెల్లబడిందంటే తప్పంతా నాదేనా? ఆ ఆసిడ్‌ది లేదా?

స్కూటీ స్టాండేసి ఒక్క నిమిషం నీడకి రండి. చెప్తా.

మీరు తెచ్చే నీళ్లలో రంగు మందేసి, ఆసిడ్ చుక్క చుక్కగా వదుల్తానా, పసుపు పోయి ఎర్రబడంగానే ఆపేస్తానా. ఎంత ఆసిడ్ పట్టిందో దాన్నిబట్టి నీళ్లలో క్షారం తేలుతుంది. తక్కువైతే గుంటలో సున్నం చల్లమంటాం. అంతే నా ఉద్యోగం.

ఆ సల్ఫ్యూరిక్ ఆసిడ్ నేనే కలిపినా. మొలారిటీ లెక్కన. లీటరుకి ఆసిడ్ అణువులు ఇన్ని తలకాయలు అని. ఇంటర్లో నాకెక్కిందల్లా అదొక్కటే మరి!

పొద్దున మా ల్యాబ్ ఓనరు నరేంద్రబాబన్న చూసి తల పట్టుకున్నాడు. 'ఒరే పెంచల్, నీళ్లలో ఉప్పెంతుందో చెప్పాలంటే తలకాయలు లెక్కబెట్టు, చాలు. ఆసిడ్‌ని క్షారానికి జత చేసేటప్పుడు, క్షారాన్ని పట్టుకునే చేతులు లెక్కబెట్టాలిరా. అదీ నార్మాలిటీ. హైడ్రోక్లోరిక్‌కి ఒక్క చెయ్యే, ఏ లెక్కైనా ఒకటే. సల్ఫ్యూరిక్‌కి రెండు!' అన్నాడు.

రెండు చేతులంట! ఎంత బాగుందండీ ఆ మాట? ఒక చేత్తో ఒకరిని, ఇంకో చేత్తో... సరే, సరే. గుంట సంగతికే వస్తా.

నా ఆసిడ్ రెండింతల ఘాటన్నమాట. సగానికే పనైపోయె. మీ నీళ్లలో క్షారం నూట అరవై ఉంటే నేను ఎనభై అన్నా. పాపం మీ నాయన సున్నం మూటలు దింపినాడు. రెండ్రోజులకి మళ్లీ మీరొచ్చినారు. మళ్లీ తక్కువే. మళ్లీ సున్నం. మళ్లీ మీరు!

నేనేమో... ఆ ఆకుపచ్చ చున్నీ, చేతిలో గుంట నీళ్ల సీసా... ఈ అమ్మాయి నీళ్ల కోసమే వస్తా ఉందా అనుకున్నా. రొయ్యలు మేత ముట్టడం లేదని మీరు కళ్లు తుడుచుకుంటే, అదీ నాకోసమేనని... ఎవరితోనూ అనబాకండి.

ఏందీ, రొయ్య బతుకుద్దా? బతుకుద్ది. సున్నం ఆపేసి, రోజూ కాసిన్ని నీళ్లు మార్చమన్నాడు అన్న.

కొత్త ఆసిడ్‌తో ఇప్పుడే చూసినా. క్షారం కావాల్సినదానికంటే ఎక్కువే ఉంది. ఇంకా తక్కువేనని చెప్పుంటే ఎల్లుండి మళ్లీ వచ్చుండేవాళ్లు. నోటిదాకా వచ్చింది కూడా. ఏం చేద్దాం, రొయ్యలు చచ్చిపోతాయి.

సున్నం వద్దు. ఇంక మీరు రానక్కర్లేదు. పోండి.

మీరు నీళ్లు తెచ్చిన ఆ ఖాళీ సీసానా? ఉండనీండి. నేను పడేస్తాలే.