శౌరమ్మ పిన్ని ఊకపొయ్యి

ఏంట్రా జాన్ పాలూ, ఫోన్లోనే జనాభా లెక్కలంట? మనమే నింపుకోవాలంట? కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుద్ది, మంచం మీద కూర్చో. ఏమడుగుతున్నాడు? ఎంతమంది ఉంటారు, మరుగుదొడ్డి ఉందా, ఏ గింజలు తింటారు... అదీ అడుగుతున్నాడా! బెజవాడలో అన్నం కాక ఏం తింటాం? ఆఁ, ఏదీ, ఆ ముక్క ఇంకోసారి చదువు. ఒక్కచోట వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం. అదుగో, ఆ ముక్కేరా. అప్పట్లోనూ అదే అడిగారు. అక్కడే మీ ఇల్లు రెండు ముక్కలు కాబోయి ఆగింది. మీ తాత ఇబ్రహీంపట్నంలో ఉద్యోగం చేస్తూ రోజూ ఇక్కణ్ణుంచే ఎందుకు బస్సెక్కేవాడో ఎప్పుడైనా అడిగావా? మీ నాయనమ్మ హెలెన్ చెప్పదులే, దానికి సిగ్గు. ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టు, నేను చెప్తా.

మీ తాత వాళ్ళమ్మ, శౌరమ్మ పిన్ని. నువ్వెక్కడ చూశావు, మీ నాన్నకే సరిగ్గా గుర్తుండదు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. నేను మైలవరం నుంచి కొత్తగా కాపురానికొస్తే గోడ మీంచి ముందు పలకరించింది ఆవిడే. ఏమనీ? 'మెహరాజూ, మీ సాయిబుల కూరల్లో కరివేపాకు వేస్తారా, వెయ్యరా?' అని. వేస్తామని చెప్పాకే వాళ్ళ చెట్టు మీద చెయ్యి వెయ్యనిచ్చింది. అలాంటి మనిషికీ కోడలికీ బొమ్మిడాయల పులుసు దగ్గర చెడింది. చింతపండు చాల్లేదని ఆవిడ, మీ అబ్బాయికి పులుపు పడదని ఈవిడ. 'నీ చేతి కూడు నాకొద్దు' అని అత్త, 'తినమని ఎవరు బతిమాలారు' అని కోడలు. తెల్లారేసరికి దొడ్లో, మా గోడ పక్కనే, పిన్ని ఊకపొయ్యి పెట్టేసింది. నువ్వు చూసుండవు. మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ ఊక గట్టిగా కూరి, రోకలి లాగేసి కింద నుంచి అంటిస్తారు. గంటలకొద్దీ మండుద్ది. ఇక ఇద్దరికీ మాటల్లేవు. కానీ పరువు! అమ్మో, ఆ పరువు! హెలెన్ పొయ్యి రాజేసేదాకా పిన్ని తన పొయ్యి అంటించేది కాదు. అక్కడ పొగ లేస్తేనే ఇక్కడ పొగ. వీధిలోంచి చూసేవాళ్ళకి అంతా ఒకటే వంట. హెలెన్‌కి ఆలస్యమైతే ఈవిడ ఆకలితో అలాగే కూర్చునేది. చూళ్ళేక 'పిన్నీ, ఓ ముద్ద తినండి' అని గోడ మీంచి పెట్టబోతే, 'నా కొడుకింట్లో నాకు లేకా?' అని కసిరేది. నేను ఎవరికీ చెప్పలేదురా. మా ఆయన షబ్బీర్‌కి కూడా చెప్పలేదు.

ఈలోగా మీ తాత జాన్‌బాబుకి ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చింది, క్వార్టర్స్ ఇస్తామన్నారు. హెలెన్ సామాన్లు సర్దేసింది. 'మీ అమ్మ ఎలాగూ వేరే వండుకుంటోందిగా, మనం వేరే ఉంటే తప్పేంటి?' అని దాని వాదన. మీ తాతకి కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పిన్నికి ఆ ఒక్క కొడుకే. వాడు వెళ్ళిపోతే ఆ పొగ కూడా ఎవరి కోసం దాచాలి?

ఎనభై ఒకటిలో, గుణదల తిరునాళ్ళు అయిన వారం, దుర్గాప్రసాద్ మాస్టారు జనాభా లెక్కలకొచ్చారు. 'మీరు చెప్పింది గుట్టుగా ఉంచుతామమ్మా' అంటారాయన, చుట్టూ వీధి వీధంతా నిలబడుంది! ఏం గుట్టు, సీతారావమ్మగారి వయసు ఆవిడకంటే ముందు పక్కింటావిడ చెప్పేసింది. కానీ ఒకటిరా. ఆయన మాట అడిగారు, కాయితం అడగలేదు. మొన్న కరోనాకి ముందు ఆ పౌరుల రిజిస్టరని గోలయ్యిందే, నువ్వప్పుడు స్కూల్లో ఉన్నావు. అమ్మానాన్న ఎక్కడ పుట్టారో చెప్పాలంట, రుజువులు చూపించాలంట అని పుకార్లు. మా వాళ్ళంతా ట్రంకుపెట్టెలు బోర్లించారు. నా దగ్గరేముంది? మా అమ్మ నన్ను కోతలప్పుడు చేలో కన్నది. భయమేసింది, చెప్పుకుంటే సిగ్గేంటి. పుట్టి పెరిగిన చోట నేనెవరో నేను చూపించుకోవాలా అని ఏడుపొచ్చింది. అప్పుడు మీ నాయనమ్మ వచ్చి, 'ఎవడొస్తాడో రానీ, నువ్వెవరో నేను చెప్తా' అంది. పిచ్చిది, దాని మాట ఎవరు వింటారు? అయినా ఆ పూట నిద్ర పట్టింది నాకు. మన వివరాలు ఎవరి చేతిలో పడతాయోనని నువ్వంటే, ముసల్దానికేం తెలుసులే అనుకోకు. ఎక్కడున్నాను? ఆఁ, మాస్టారు.

మీ గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చున్నారు. 'జాన్‌బాబూ, మీ అందరికీ వంట ఒక్కచోటేనా?' అన్నారు. అందర్నీ అడిగినట్టే అడిగారు పాపం. మీ తాత తల వంచుకున్నాడు. హెలెన్ నోరు తెరిచింది, ఏం చెప్తుందో నాకు తెలుసు. వేరని రాస్తే ఇక సర్కారే వేరు చేసినట్టు, మర్నాడే బండెక్కేసేవాళ్ళు. దొడ్లో పిన్ని పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది, పొగ లేస్తోంది. నేను గోడ దగ్గరే ఉన్నా. పిన్ని ఆ ప్రశ్న వింది. గిన్నె దించేసింది. పక్కనున్న బిందె ఎత్తి నీళ్ళన్నీ ఆ నిప్పుల మీద కుమ్మరించింది. చుయ్యిమని బూడిదంతా మొహం మీదకి లేచింది. ఆ మొహంతోనే ముందుకొచ్చి, 'ఒకటే మాస్టారూ, మాది ఒకటే పొయ్యి' అంది. ఆయన ఆ బూడిద మొహం వైపు చూశారు. ఇంకేమీ అడక్కుండా రాసుకుని లేచారు.

అందరూ వెళ్ళిపోయాక పిన్ని దొడ్లో కూలబడి ఏడుస్తోంది. కొడుకు పోతాడని కాదురా! 'మెహరాజూ, సర్కారు కాయితంలో అబద్ధం రాయించానే. ఆదివారం ఫాదర్‌గారికి ఏమని చెప్పుకోను?' అని. చివరికి తనే లేచింది. సగం ఉడికిన ఆ అన్నం గిన్నె కొంగుతో పట్టుకుని హెలెన్ వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపలికి పోదు, పిలవదు. అల్లా, ఆ నిలబడటం ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది. హెలెన్ పొయ్యి మీద దాని గిన్నె ఉంది. అత్త వైపు చూసింది, ఆ బూడిద చూసింది. తన గిన్నె దించి కింద పెట్టింది. అత్త చేతిలోది అందుకుని పొయ్యి మీదకెక్కించి, మూత తీసి చూసి, 'ఎసరు సరిపోద్దా అత్తయ్యా?' అంది.

ఇదుగో జాన్ పాలూ, ట్యాంకు పొర్లిపోతోంది, వెళ్ళి ఆ మోటారు కట్టెయ్ నాయనా.