చేతికి ఉప్పు

శుక్రవారం సెలవు. సౌదీలోని తాయిఫ్ అవతల, చల్లారిన అగ్నిపర్వతపు గుంతలోకి గంటసేపు దిగి, ఒకే కంపెనీలో పనిచేసే ఇద్దరు ఎలక్ట్రీషియన్లు అడుగున ఉన్న తెల్లటి చెరువు చేరారు.

“అన్నా, పైకెల్లి జూస్తె మంచు గడ్డకట్టిన చెరువనుకున్న. ఇదంత ఉప్పే!”

“నేను గూడ గట్లనే అనుకున్న తమ్మీ. ఇంత దస్తీల గట్టు, ఇంటికి దీస్కపోత.”

“ఇగో, పట్టు.”

“చేతికియ్యకు! ఉప్పు చేతికిస్తె కొట్లాటైతది. కింద వెట్టు.”

“సరే. నువ్వు సెలవు మీద ఊరికి పోయి రాంగనే మల్లొద్దాం.”

“నాది సెలవు గాదు. వీసా ఖతం జేసి ఖురూజ్ కొట్టిన్రు. ఇగ రానియ్యరు.”

“ఎందుకే?”

“మనసోంటి పరదేశోల్ల మీద కంపెనీ గట్టే లెవీ పెరిగింది. ఇద్దర్ల ఒక్కనికే ఈడ ఉండనీకె అకామా జేస్తమన్నడు మేనేజర్. నీ పేరు జెప్పిన.”

“నన్నడగకుంటనా?”

“అడిగితె నువ్వొప్పుకోవు. నీ బిడ్డ ఇంక తొట్లెలనే ఉన్నది.”

కింద పెట్టిన మూటను చిన్నవాడు మళ్లీ తీశాడు.

“చేతికే పట్టన్నా.”

“కొట్లాటైతదంటె ఇనవా?”

“కానియ్యే. కొట్లాడనీకైన మల్లొస్తవ్.”